రిమార్కుల గడి

కోసిరాంగ్ నుంచి యాలుమెట్‌కి
పందొమ్మిది కిలోమీటర్లు. ఏడు నిమిషాలు.
ఎదురుగాలి ఉంటే ఎనిమిది.
నేను రాసే లెక్క ఇది.
నా బల్ల మీద రేడియో, రూళ్ళ పుస్తకం,
ఎవరూ ఎత్తుకుపోకుండా దారంతో కట్టేసిన పెన్సిలు.
బల్ల పక్కన కాటా.

ఈ పపువా న్యూగినీ కొండల్లో
మనుషుల్నీ కాఫీ బస్తాల్నీ ఒకే కాటా మీద తూస్తాం.
ఎవరూ చిన్నబుచ్చుకోరు.
నిండు చూలాలైతే ఇద్దరికీ కలిపి ఒకే అంకె.

రన్‌వే అంటే కొండ భుజం మీద గడ్డి కోసిన ఏటవాలు.
ఎగరాలంటే కిందికి పరిగెత్తాలి,
దిగాలంటే పైకెక్కాలి.
యాలుమెట్ ఇక్కణ్ణించే కనిపిస్తుంది.
అక్కడ పొగ లేస్తే
ఎవరింట్లో చిలగడదుంపలు కాలుతున్నాయో అమ్మ చెప్పేది.
మధ్యలో లోయ.
నడిస్తే రెండు రోజులు, వానైతే మూడు.
నేనెప్పుడూ నడవలేదు.

ఆ మంగళవారం ఉంబాపె వచ్చాడు.
ఈ గడ్డి పట్టీకి రాళ్ళు ఏరినవాళ్ళలో మిగిలినవాడు,
ఒక్కసారీ విమానం ఎక్కనివాడు.
మోకాళ్ళు ఇక ఒప్పుకోవడం లేదన్నాడు,
అవెవరో పక్కింటివాళ్ళయినట్టు.
నలభై ఏడు కిలోలు.
బిలుమ్ సంచిలో అల్లం, ఆరు.
గొడ్డలి మాత్రం పైలట్ ఎక్కనివ్వడు.
నాకు అప్పగించి
పిడి మీద తన పేరుందని రెండుసార్లు చూపించాడు.

మా పిజిన్‌లో పావురానికీ విమానానికీ
ఒకటే మాట, బాలుస్.
తొమ్మిదీ పదికి పావురం లేచింది.
పది దాటితే లోయలో మబ్బు తలుపేసుకుంటుంది,
పైలట్ లెకానుకి ఎప్పుడూ తొందరే.

తర్వాతి సంగతి చూడలేదు, విన్నాను.
కిటికీకి ముక్కు ఆనించి ముసలాయన
కింద దారిలో పేర్లు చెప్పడం మొదలెట్టాడట.
ఉప్పు ఒలికిన బండ.
జలగల మెట్ట.
తమ్ముడు వెనక్కి తిరిగిన చోటు.
అక్కడే ఉన్నాడు ఇంకా,
చక్రాలు నేలను తాకాయి.

దిగి రెక్క కింద నిలబడ్డాడు.
సామాను దించారు, కదల్లేదు.
“నదే దాటలేదు కదయ్యా” అన్నాడు,
మిగతా దారి నోటితో నడవసాగాడు.

అటువైపు ఏజెంటు సిలాస్, మా పెద్దమ్మ కొడుకు,
రేడియో మీట నొక్కిపట్టి మైకు అటు తిప్పాడు.
నిబంధనలకు విరుద్ధం.
నా చెవిలో గరగరమంటూ లోయ మొత్తం:

తీగ వంతెన, పాతది.
తీగ వంతెన, తెగినది.
తప్పిపోయిన పందిపిల్ల దొరికిన వెదురు పొద.
అప్పు లేదని ఒట్టేసుకున్న నీడ.
చెప్పులు విసిరేసి, ఇక నడవనని
కెరేమె కూతురు కూచున్న రాయి.

కెరేమె కూతురంటే మా అమ్మ.
ఆ రాయి సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.
చెప్పులుండేవనీ చెప్పలేదు.

పుస్తకం తిరగేసి రాశాను.
పెన్సిలు దారం పొట్టిది, ఒంగి రాశాను.
అరవై ఒక్క పేర్లు.
వినబడని చోట చుక్కలు పెట్టాను.

లెకాను ఆకాశం చూపించి కేకలేశాడట.
కాసేపటికి టోపీ తీసి
తనూ గడ్డి మీద కూలబడ్డాడట.
మబ్బు మూసుకుంది.
ఆ రాత్రి బాలుస్ యాలుమెట్‌లోనే,
రెక్కల మీద కోళ్ళు.

నెలాఖరుకి ఆఫీసుకి లెక్క పంపాలి.
దూరం గడిలో పందొమ్మిది.
సమయం, పోయేటప్పుడు ఏడు,
మర్నాడు వచ్చేటప్పుడూ ఏడే.
ఆలస్యానికి కారణం: వాతావరణం.
రిమార్కుల గడి అంగుళం కూడా లేదు.
వెనక పేజీ చూడండి, అని రాశాను.

గొడ్డలి ఇంకా నా బల్ల కింద ఉంది.
అది నడిచే వెళ్ళాలి.
కాళ్ళకి సరిపోయే చెప్పులు
సంతలో అడిగి చూస్తున్నాను.